జర్నలిజం చదువా, కమ్యూనికేషన్ చదువా? పాఠకుల సందేహాలకు జవాబులు

యూనివర్సిటీల్లో కమ్యూనికేషన్ పీజీ, పీహెచ్‌డీ గురించి గత రెండు నెలల్లో చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్నను పదిమంది అడిగినచోట ఒకరి ఉత్తరాన్నే తీసుకుని, మొత్తం ఆరింటికి ఈ సంచికలో జవాబు రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మీడియా వైపు వెళ్లాలని ఉంది. ఒక యూనివర్సిటీలో ఎంసీజే (మాస్టర్ ఆఫ్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం) అంటున్నారు, ఇంకొకచోట ఎంఏ జర్నలిజం, మరొకచోట ఎంఏ కమ్యూనికేషన్ అంటున్నారు. ఇవన్నీ ఒకటేనా? లెక్కలు చదివిన నాకు సీటు ఇస్తారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సీటు సంగతి చిన్నది కాబట్టి ముందు దాన్ని తేల్చేద్దాం. ఏ డిగ్రీ చదివినవారైనా ఈ కోర్సులకు దరఖాస్తు చేసుకోవచ్చు. లెక్కలు చదివినందువల్ల మీకు నష్టమేమీ లేదు. పట్టికలూ శాతాలూ చూస్తే బెదరని విద్యార్థులు మా తరగతుల్లో ఎప్పుడూ తక్కువే కనుక కొంత లాభం కూడా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. 2025లో ఆ పరీక్షలో 90 నిమిషాలకు 75 ప్రశ్నలు ఇచ్చారు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు రాస్తే 1 మార్కు కోత. ఉస్మానియా తదితర తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ ఉన్నాయి. తేదీలు, నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్‌నే నమ్మండి, సీనియర్ల జ్ఞాపకాన్ని కాదు.

పేర్ల సంగతికి మాత్రం కొంత చరిత్ర చెప్పాలి. మన దేశంలో జర్నలిజం తరగతులు 1941లో లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో నిలదొక్కుకున్నాయి, ఉస్మానియాలో 1954లో మొదలయ్యాయి. పత్రికలో కూర్చోబెడితే పని చేయగల విలేకరిని, సబ్ ఎడిటర్‌ను తయారుచేయడం వాటి ఉద్దేశం. కమ్యూనికేషన్ అనే శాస్త్రం వేరే దారిన వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రచారం జనం మీద ఎంత పనిచేస్తోందో లెక్కగట్టడానికి కూర్చున్న అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు వేసుకున్న ప్రశ్నలు దానికి పునాది. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ సమాచార విభాగంలో పనిచేసి వచ్చిన విల్బర్ ష్రామ్, అయోవాలోనూ, ఆ తరువాత ఇల్లినాయ్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల్లోనూ దాన్ని పీహెచ్‌డీ దాకా చదవదగిన విషయంగా నిలబెట్టాడు. వార్తను ఎలా రాయాలన్నది జర్నలిజం అడిగే ప్రశ్న. విన్నవాడు దాన్ని నమ్మాడా, పక్కవాడికి చెప్పాడా, చెప్పేటప్పుడు ఏం మార్చాడు, అసలు ఆ వార్త చేరని మనిషి ఎవరు అన్నవి కమ్యూనికేషన్ అడిగే ప్రశ్నలు.

మన దగ్గర ఈ రెండో రకం ప్రశ్నలకు ఊపు వచ్చింది 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) ప్రయోగంతో. అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని ఏడాదిపాటు వాడుకుని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపి, అవి చూసినవారి వ్యవసాయంలో, ఆరోగ్యంలో ఏం మారిందని పరిశోధకులు ఊరూరా తిరిగి అడిగారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం 1988లో సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైంది. నాట్యం, నాటకం, చిత్రకళ నేర్పే విభాగాల పక్కన దాన్ని పెట్టడంలోనే, ఇది పత్రికాఫీసుకు గుమాస్తాలను పంపే కోర్సు కాదన్న ఉద్దేశం కనిపిస్తుంది. గచ్చిబౌలి ప్రాంగణానికి వెళ్లాక ఆ విభాగంలో కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో చైర్ (పరిశోధన పీఠం) ఏర్పడింది, 2011లో బోల్ హైదరాబాద్ అనే క్యాంపస్ రేడియో వచ్చింది.

తేడా ఇంకా స్పష్టంగా తెలియాలంటే జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ సంగతి చెప్పాలి. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళల కోసం 1990ల చివర్లోనే స్టూడియో కట్టారు. రేడియో స్టేషన్‌కు అనుమతి లేదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, ఆ ప్రజలకు స్టేషన్ పెట్టుకునే వీలు కల్పించే మార్గదర్శకాలు 2006 చివరికి గానీ రాలేదు. ఆ పదేళ్లూ ఆ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. విత్తనాల గురించీ, మందుమాకుల గురించీ తమ మాటల్లోనే కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాలకు మోసుకెళ్లి టేప్ రికార్డర్‌లో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చేనాటికి వాళ్ల బీరువాలో బోలెడు కార్యక్రమాలు సిద్ధంగా ఉన్నాయి. జర్నలిజం విద్యార్థి ఈ సంగతి వింటే మంచి ఫీచర్ రాస్తుంది. కమ్యూనికేషన్ విద్యార్థి, ట్రాన్స్‌మిటర్ లేని ఆ పదేళ్లూ అక్కడ నడిచినదాన్ని రేడియో అనవచ్చా అని అడుగుతుంది. మీకు ఏ పని చేయాలనిపిస్తోందో చూసుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. పేరు జర్నలిజం అని ఉన్నచోట సిద్ధాంతాలు, కమ్యూనికేషన్ అని ఉన్నచోట కెమెరా పని ఇప్పుడు మామూలైపోయాయి. బోర్డు చూసి చేరవద్దు. నాలుగు సెమిస్టర్ల సిలబస్ తెప్పించుకుని పరిశోధన పద్ధతులకు ఎన్ని పేపర్లున్నాయో, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) తప్పనిసరో కాదో, స్టూడియో ఉంటే దాని తాళం విద్యార్థులకు ఇస్తారో లేదో కనుక్కోండి. ఈ మూడో సంగతి సిలబస్‌లో రాసి ఉండదు. అక్కడ చదువుతున్నవారినే అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తిచేసి, వచ్చిన ఉద్యోగం వద్దని కమ్యూనికేషన్‌లో ఎంఏ చేస్తానంటున్నాడు. ఇది చదివితే ఉద్యోగం వస్తుందా, జీతం ఎంత ఉంటుంది? దాపరికం లేకుండా చెప్పండి.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: దాపరికం లేకుండానే చెబుతాను. మీ అబ్బాయి ఉద్దేశం తెలుగు దినపత్రికలోనో చానెల్‌లోనో చేరడమే అయితే అందుకు రెండేళ్ల ఎంఏ అక్కర్లేదు. పెద్ద పత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు నడుపుతున్నాయి. తెలుగు బాగా రాయగలరా, ఇంగ్లీషు వార్తను తప్పుల్లేకుండా తెలుగు చేయగలరా, లోకజ్ఞానం ఉందా అని పరీక్షపెట్టి తీసుకుని, శిక్షణకాలంలో స్టైపెండ్ కూడా ఇస్తాయి. డెస్కులో మొదటి నాలుగైదేళ్ల జీతం సాఫ్ట్‌వేర్ జీతం పక్కన పెట్టి చూసుకునేలా ఉండదు. ఈ మాట అబ్బాయికి తెలిసే ఉంటుంది. మీరు అడిగారని కోపం తెచ్చుకునే అవకాశం మాత్రం ఉంది.

ఎంఏ తలుపు తెరిచేది న్యూస్‌రూమ్ బయట ఎక్కువ. కేంద్ర ప్రభుత్వంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ సీనియర్ గ్రేడ్ పోస్టులకు యూపీఎస్సీ నేరుగా ప్రకటన ఇచ్చినప్పుడు జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివినవారినే అడుగుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ సమాచార పౌర సంబంధాల శాఖ ఉంది, కానీ ఆ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వయసు దాటిపోతుంది. టీకాలు, పోషకాహారం, పారిశుద్ధ్యం మీద పనిచేసే సంస్థలకు ఊళ్లో జనం ఏ మాట వింటారో, ఏ మాటకు మొహం తిప్పుకుంటారో ముందే కనుక్కుని చెప్పగల మనుషులు కావాలి. కంపెనీల కార్పొరేట్ కమ్యూనికేషన్ విభాగాలు సరే సరి. ఒక యాప్ వాడేవారు ఏ స్క్రీన్ దగ్గర తడబడి ఆగిపోతున్నారో కూర్చుని గమనించే ఉద్యోగాలు కూడా ఈమధ్య వచ్చాయి. వాటికి మీ అబ్బాయి బీటెక్, ఈ ఎంఏ కలిసి బాగానే అక్కరకొస్తాయి. మనిషిని ప్రశ్న అడగడం, విన్నదాన్ని లెక్కగట్టడం, దాన్ని నలుగురికీ అర్థమయ్యేలా రాయడం అనే మూడు పనులూ చేతనైనవాడు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. చేతకాకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లినవారిని మాత్రం చాలామందిని చూశాను. పట్టా ఎవరికైనా ఇస్తారు కనుక, అబ్బాయి డిగ్రీ రోజుల్లో ఏమైనా రాశాడా, తీశాడా, ఎవరినైనా ఇంటర్వ్యూ చేశాడా అని అడిగి చూడండి. ఏదో ఒకటి చేసి ఉంటే అడ్డుపడకండి.

ప్రశ్న: డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. కమ్యూనికేషన్ పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగులో ఈ కోర్సు చదివే వీలుందా? ఇంగ్లీషులో చేరితే నెగ్గుకురాగలనా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: వీలుంది. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం పీజీని తెలుగులో నడుపుతున్నారు. పొట్టి శ్రీరాములు పేరుతో ఉండిన ఆ విశ్వవిద్యాలయానికి 2025లో తెలంగాణ ప్రభుత్వం సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టి నడిపిన సంపాదకుడి పేరుమీద ఉన్న చోట జర్నలిజం చదవడం, అందులోనూ మీ పాలమూరు బిడ్డ పేరుమీద, బాగానే ఉంటుంది కదా.

తెలుగులో చదివితే ఒక చిక్కు మొదటిరోజే ఎదురవుతుంది. కమ్యూనికేషన్ అన్న మాటకే మనకు కుదిరిన మాట లేదు. హిందీవాళ్లు మాస్ కమ్యూనికేషన్‌ను జన్‌సంచార్ అంటారు. ఢిల్లీలోని జాతీయ సంస్థ బోర్డు మీద అదే మాట ఉంటుంది. మనం జనసంచారం అంటే మనుషులు మసలే చోటు, అంతే. ‘రాత్రి పదయ్యాక ఆ వీధిలో జనసంచారం ఉండదు’ అంటాం. భావప్రసారం అన్న మాట ఉంది గానీ దానికి ఆకాశవాణి వాసన అంటుకుంది. అందుకే నేను తరగతిలో కమ్యూనికేషన్ అనే అనేవాడిని, సిగ్గుపడలేదు.

అయితే కొన్నిచోట్ల తెలుగే ముందుంటుంది. ఏ వార్త అచ్చుకెళ్లాలో ఎవరు తేలుస్తారన్నదాని మీద గేట్‌కీపింగ్ అని ఒక పాఠం ఉంటుంది. 1950లో డేవిడ్ మానింగ్ వైట్ ప్రచురించిన పరిశోధన అది. ఒక చిన్న పట్టణ పత్రికలో ఏజెన్సీ వార్తలు చూసే ఎడిటర్‌తో, ఒక వారం పాటు తాను వాడని ప్రతి వార్త మీదా ఎందుకు వాడలేదో రాయించాడు. వచ్చినదాంట్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు అచ్చుకాలేదు. కారణాలు చూస్తే స్థలం చాలకపోవడంతో పాటు, ఆ ఎడిటర్ సొంత ఇష్టాయిష్టాలూ బయటపడ్డాయి. ఈ పాఠాన్ని ఇంగ్లీషు మీడియం విద్యార్థులు రెండు పేజీల నిర్వచనాలతో రాస్తే, ఒక తెలుగు మీడియం విద్యార్థి ‘బుట్టదాఖలు’ అన్న ఒక్క మాటతో మొదలుపెట్టి, బుట్ట ఎవరి బల్ల కింద ఉంది, దాన్ని రోజూ ఎవరు ఖాళీ చేస్తారు అని రాసుకుంటూ పోయాడు. ఆ ఏడాది ఆ పేపర్లో ఎక్కువ మార్కులు అతనివే.

ఇంగ్లీషు మీడియంలో చేరాలనుకుంటే చేరండి. మొదటి సెమిస్టర్ కష్టంగా ఉంటుంది. పుస్తకం ఇంగ్లీషులో చదివి నోట్సు తెలుగులో రాసుకోండి. రాయలేకపోయారంటే అది మీకు అర్థంకాలేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇంగ్లీషు వాక్యాన్ని ఇంగ్లీషులోనే ఎత్తి రాసుకునేవారికి ఈ సౌకర్యం లేదు.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌ను. రాత్రి డ్యూటీలు చేస్తూనే ఎంసీజే రెండో సంవత్సరంలోకి వచ్చాను. నిజం చెప్పాలంటే థియరీలు చదువుతుంటే మేం రోజూ చేసేదానికే పెద్ద పెద్ద పేర్లు తగిలించినట్టుంది. డిసర్టేషన్‌కు ‘యువతపై సోషల్ మీడియా ప్రభావం’ అని తీసుకుందామనుకుంటున్నాను. సలహా ఇవ్వండి.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ అంశాన్ని వదిలేయండి. ఏ విభాగంలోనైనా డిసర్టేషన్ల అర తెరిస్తే దుమ్ముతోపాటు అదే శీర్షిక పది ప్రతులు రాలుతాయి. యువత అంటే ఎవరు, సోషల్ మీడియా అంటే ఏది, ప్రభావం అంటే దేనిమీద అని వైవాలో అడిగితే మూడింటికీ జవాబు ఉండదు. పైగా ఎనిమిదేళ్ల డెస్కు అనుభవం ఉన్న మనిషి కాలేజీ పిల్లలకు ప్రశ్నపత్రాలు పంచుతూ తిరగడమంటే ఇంట్లో బావి పెట్టుకుని వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకు నిలబడటమే.

థియరీల మీద మీ ఫిర్యాదులో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు అధ్యాపకులు చాపెల్ హిల్ పట్టణంలో, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మందిని పట్టుకుని, మీకు ముఖ్యమైన సమస్యలేవి అని అడిగారు. అదే కాలంలో అక్కడివారు చదివే పత్రికలు, చూసే టీవీ వార్తలు ఏ సమస్యలకు ఎంత చోటిచ్చాయో కొలిచారు. రెండు వరుసలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. 1972లో అచ్చయిన ఆ వ్యాసంతో అజెండా సెట్టింగ్ అన్న మాట స్థిరపడింది. పేజీ ఒకటిలో ఏది పెడితే ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుందని మీ ఎడిషన్ ఇన్‌ఛార్జికి ఎప్పటినుంచో తెలుసు, ఒప్పుకుంటాను. ఆయనకు తెలియనిది, నిరూపించలేనిది ఒకటుంది: పత్రిక పెట్టినందుకు ఊరు మాట్లాడుకుంటోందా, ఊరు మాట్లాడుకుంటోంది కాబట్టి పత్రిక పెట్టిందా?

ఈ ప్రశ్నకు తెలుగునేల మీద సారా వ్యతిరేక ఉద్యమాన్ని మించిన పరీక్ష లేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో, వాచకంలోని ఒక పాఠంలో ఆడవాళ్లు ఊళ్లో సారా మాన్పించిన కథ చదివి, దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఊరి కథే తరువాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. 1992లో ఉద్యమం జిల్లా దాటింది, పాటలు జరపలేక ప్రభుత్వం తలపట్టుకుంది. పాట అంటే ఇక్కడ సారా వేలంపాట. దాన్ని జరగనివ్వకుండా మహిళలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. తెలుగు పత్రికలు, ముఖ్యంగా 1989 నుంచి జిల్లా పేజీలు మొదలుపెట్టిన ఈనాడు, ఉద్యమానికి పెద్దఎత్తున చోటిచ్చాయి. పత్రికలు లేకపోతే ఉద్యమమే లేదనేవారున్నారు. ఉద్యమం వచ్చాక పత్రికలు వెనక నడిచాయనేవారూ ఉన్నారు. ఇద్దరూ గట్టిగానే చెబుతారు, తేదీలు మాత్రం చెప్పరు.

మీరు తేదీలు చెప్పండి. ఒక పత్రిక, ఒక జిల్లా, ఆరు నెలలు తీసుకోండి. సారా వార్త మొదట జిల్లా పేజీలో ఏ మూల కనిపించింది, రాష్ట్ర పేజీకి ఎప్పుడు వెళ్లింది, మొదటి పేజీకి ఎప్పుడు ఎక్కింది, సంపాదకీయంలోకి ఎప్పుడు వచ్చింది అని వరుస కట్టండి. మరోవైపు, ఏ ఊళ్లో ఏ రోజు ఏం జరిగిందో వేరే ఆధారాలతో మరో వరుస కట్టండి. కోడింగ్ షీట్, అంటే ఒక్కో వార్త వివరాలను గళ్లలో నింపుకునే పట్టిక, ఒక తెల్లకాగితం మీద సరిపోతుంది: తేదీ, పేజీ, కాలమ్ సెంటీమీటర్లు, ఫొటో ఉందా, వార్తలో ఎవరి మాట ఉంది, వార్త ఏ కోవలోది. ఈ చివరి గడి దగ్గర మీకూ, మీతో కలిసి కోడింగ్ చేసేవారికీ తగాదా వస్తుంది. ‘మహిళలు సారా కుండలు పగలగొట్టారు, నలుగురిపై కేసు’ అన్న వార్తను శాంతిభద్రతల కోవలో వేయాలా, ఉద్యమం కోవలో వేయాలా? ఆ రోజు డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్‌కూ ఇదే సందేహం వచ్చి ఉంటుంది. అతను ఏ కోవలో వేశాడో హెడ్డింగ్ చెబుతుంది. అదే మీ డిసర్టేషన్‌కు గుండెకాయ, అది కనిపెట్టడానికి మీకున్న అర్హత మామూలు విద్యార్థికి లేదు.

పాత సంచికల కోసం ముందు పత్రిక లైబ్రరీని, ఆ తరువాత హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. ఇంకా వెనక్కి, స్వాతంత్ర్యానికి ముందు కాలానికి వెళ్లే అంశమైతే వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం ఉంది. బయల్దేరేముందు ఫోన్ చేసి, మీకు కావలసిన నెలలు ఉన్నాయో లేదో అడగండి. పాత పత్రికల కట్టల్లో కావలసిన వారమే కనబడకుండా పోవడం పరిశోధకులందరికీ అనుభవమే.

ప్రశ్న: ఎంఏ పూర్తవుతోంది. పీహెచ్‌డీ ఇక్కడ చేయాలా, అమెరికాలో చేయాలా? ఇంట్లో అన్నయ్య ఎంఎస్ చేసి అక్కడే స్థిరపడ్డాడు, నన్నూ రమ్మంటున్నాడు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇక్కడైతే యూజీసీ నెట్ రాయాలి. సబ్జెక్టు పేరు మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పులకు కోత లేదు. 2024 నుంచి ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా పనికొస్తున్నాయి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమలైన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత 42,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, సాధారణంగా ఆరేళ్లకు మించకూడదు. ఎంఫిల్ లేదు, 2022 నిబంధనలతో ఎత్తేశారు.

అమెరికాకు వెళ్లాలంటే మీ అన్నయ్య లెక్కలు మీకు వర్తించవని ముందు గ్రహించండి. ఆయన చేసిన ఎంఎస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోవలోది అయివుంటుంది కనుక, చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలకు మరో 24 నెలలు కలుస్తాయి. కమ్యూనికేషన్ కోర్సులు చాలావరకు ఆ కోవలోకి రావు, కొన్ని వస్తాయి. అది కోర్సుకు యూనివర్సిటీ ఇచ్చిన కోడ్ మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి దరఖాస్తుకు ముందే రాసి అడగండి. అప్పుచేసి అక్కడ ఈ సబ్జెక్టులో మాస్టర్స్ చేయడాన్ని నేను సిఫారసు చేయను. పీహెచ్‌డీ వేరు. మంచి విభాగాలు పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు మాఫీచేసి, వారానికి 20 గంటల అసిస్టెంట్‌షిప్ ఇచ్చి, నెలనెలా స్టైపెండ్ ఇస్తాయి. ఆ ఏర్పాటు లేకుండా సీటు మాత్రమే ఇస్తామంటే మర్యాదగా వద్దనండి.

ఇంకొక సంగతి ఇక్కడివారికి తెలియక తికమకపడతారు. అమెరికాలో కమ్యూనికేషన్ విభాగాలకు రెండు వంశాలున్నాయి. ఒకటి జర్నలిజం స్కూళ్ల నుంచి వచ్చింది. రెండోది ఉపన్యాసకళ నేర్పేవారిది. 1914లో ఆ అధ్యాపకులు ఇంగ్లీషు ఉపాధ్యాయుల సంఘం నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. ఈ రెండో వంశపు విభాగాల్లో చేరితే, పద్దెనిమిదేళ్ల అమెరికా పిల్లలకు పబ్లిక్ స్పీకింగ్ నేర్పడమే చాలాసార్లు మీ అసిస్టెంట్‌షిప్ పని. నా విద్యార్థి ఒకడు గోదావరి యాసతోనే ఆ పని చేశాడు. మొదటి వారం పిల్లలు ముఖాలు చూసుకున్నారట, మూడో వారానికల్లా అతను ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు పెంచుతాడో రాసుకోవడం మొదలుపెట్టారట. మీరు దరఖాస్తు పెట్టబోయే విభాగం ఏ వంశానిదో అక్కడి అధ్యాపకుల వ్యాసాలు రెండు చదివితే తెలిసిపోతుంది.

దరఖాస్తులకు గడువు ఎక్కువచోట్ల డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటుంది. జీఆర్ఈ చాలాచోట్ల అడగడం లేదు. నిజంగా చూసేది ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే మీ స్టేట్‌మెంట్‌ను, మీరు రాసిన వ్యాసాన్ని. ‘చిన్నప్పటినుంచి నాకు మీడియా అంటే ఇష్టం’ అని మొదలయ్యే స్టేట్‌మెంట్ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలనుకుంటున్నారో మొదటి పేరాలో రాయండి. ఆ ప్రశ్న తెలుగు ఊళ్లలోనే జవాబు దొరికేదైతే, అందుకోసం ఎలాగూ ప్రతి వేసవికీ విమానమెక్కి ఇక్కడికి రావాలి. అప్పుడు ఇక్కడే చేయడం గురించి ఇంకోసారి ఆలోచించండి. తెలుగు ఎన్నారై కుటుంబాలు వాట్సాప్‌లో ఊరి సంగతులు ఎలా నడుపుతున్నాయన్నది మీ ప్రశ్న అయితే, మీ అన్నయ్య ఇంటి వంటగదిలోనే సగం పరిశోధన జరుగుతుంది.

ప్రశ్న: డిసర్టేషన్ కోసం ముప్ఫైమంది ఆశా కార్యకర్తలను ఇంటర్వ్యూ చేయాలి. ఎలాంటి రికార్డర్ కొనాలి?
– ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: కొనవద్దు, ఫోన్ చాలు. ఎదుటివారి అనుమతి తీసుకుని, ఆ అనుమతి కూడా రికార్డులోనే వినబడేలా అడిగి, ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టండి. లేకపోతే మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ముప్ఫైమంది అంటున్నారు, కొంచెం ఆలోచించండి. గంటసేపటి రికార్డింగ్‌ను పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడానికి అలవాటు లేనివారికి ఐదారు గంటలు పడుతుంది. కొందరు గిరిజన భాషలో మాట్లాడితే ఇంకా ఎక్కువ. పదిహేనుమందితో ఓపిగ్గా మాట్లాడితే మీ గైడ్ కాదనరు.

ప్రతి సాయంత్రం ఆ రోజు రికార్డింగ్‌ను మరోచోట కాపీ చేయండి. నా సొంత పరిశోధన రోజుల్లో క్యాసెట్లు వాడేవాళ్లం. రికార్డు చేశాక క్యాసెట్ పైఅంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. ఒక రాత్రి అలసిపోయి ఆ ముక్క విరవడం మరిచాను. మర్నాడు ఒక సర్పంచ్‌ను ఇంటర్వ్యూ చేస్తూ, అంతకుముందు రోజు ఒక చేనేత వృద్ధురాలు గంటన్నర చెప్పినదాని మీద సగందాకా రికార్డు చేసేశాను. మళ్లీ వెళ్లి అడిగితే ఆవిడ నవ్వి, ‘నిన్న చెప్పినట్టు ఇవాళ చెప్పలేను నాయనా’ అంది. నా సిద్ధాంత వ్యాసంలో ఆవిడ మాట సగం నుంచే మొదలవుతుంది.